ఇంట్లో మనుషులుండగానే "అందరూ వెళ్లిపోయారు" అంటోంది: ఫోన్లని నమ్మి హోమ్ ఆటోమేషన్ నడపొచ్చా?

పర్లాకిమిడి_పై4
రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు వాటంతటవే నడిచేలా చేసే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. ఇంట్లో రెండు ఆండ్రాయిడ్లు, ఒక ఐఫోన్, అమ్మ దగ్గర బటన్ ఫోను. రౌటర్లో మూడు స్మార్ట్‌ఫోన్లకీ ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) ఫిక్స్ చేసి, పింగ్ ఇంటిగ్రేషన్‌తో (ఫోన్‌ని పలకరించి జవాబు వస్తుందేమో చూసే జోడింపు) ఎవరున్నారో ఎవరు లేరో చూస్తున్నాను. ఇబ్బందులు మూడు.

ఒకటి: అర్ధరాత్రి ముందు ఐఫోన్ "బయట" అవుతుంది, తరవాత ఆండ్రాయిడ్లూ పోతాయి. అందరూ వెళ్లిపోయారనే ఆటోమేషన్ పడి ఫ్యాన్లు ఆగిపోతున్నాయి.
రెండు: కరెంటు పోయి వస్తే అందరూ ఒక్కసారే ఇంటికొచ్చినట్టు లెక్కేసి వరండా లైటు, గీజరు ఆన్ చేసేస్తోంది.
మూడు: పింగ్ వద్దని, ఫోన్లో వేసే హోమ్ అసిస్టెంట్ కంపానియన్ యాప్‌తో జీపీఎస్ పెడితే మా ఆవిడ పాతపట్నం వెళ్లినా ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తోంది.

ఫోన్లతోనే ఇది గట్టిగా నిలబడే దారుందా, గదికో సెన్సరు పెట్టుకోవాల్సిందేనా?

రాయగడ_రౌటర్
పింగ్‌కి జవాబు రాలేదంటే ఫోను ఇంట్లో లేదని కాదు. స్క్రీన్ ఆపేసిన ఐఫోన్ బ్యాటరీ కోసం వైఫై రేడియోని నిద్రపుచ్చుతుంది. రౌటర్‌తో కనెక్షన్ ఉంటుంది, పింగ్‌కి మాత్రం పలకదు. కాబట్టి ఫోన్‌ని అడగడం మానేసి రౌటర్‌ని అడగండి, "ఈ ఫోను నీతో కలిసే ఉందా" అని.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లో ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్), మైక్రోటిక్, యూనిఫై, ఆసుస్, ఓమాడా రకాలకి హోమ్ అసిస్టెంట్‌లో ఇంటిగ్రేషన్లు ఉన్నాయి. ఫైబర్‌వాళ్లు ఇచ్చిన ఓఎన్‌టీ డబ్బాతో ఈ పని సాధారణంగా జరగదు. దాని వైఫై ఆపేసి, వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే చిన్న రౌటర్ పెట్టండి.

ఒక జాగ్రత్త. డీహెచ్‌సీపీ లీజుల పట్టిక (ఏ ఫోనుకి ఏ ఐపీ ఎంతసేపటికి ఇచ్చిందో రౌటర్ రాసుకునేది) చూసి చెప్పే పద్ధతి వద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో లీజు మామూలుగా 12 గంటలు. మనిషి పొద్దున్న వెళ్లిపోయినా పేరు రాత్రిదాకా అక్కడే ఉంటుంది. అసోసియేషన్ పట్టికే, అంటే ఇప్పుడు వైఫైకి తగిలి ఉన్న ఫోన్ల జాబితానే చూడాలి. అందులో కూడా ఫోను చెప్పకుండా రేంజ్ దాటిపోతే పేరు వెంటనే పోదు. యాక్సెస్ పాయింట్ 300 సెకన్ల దాకా కాచుకుని తీసేస్తుంది. "వెళ్లారు" అన్నది అయిదు నిమిషాలు ఆలస్యంగా తెలిసినా ఫర్వాలేదు, మంచిదే.

గుణుపురం_గూడ్స్
రౌటర్ మార్చే వీలు లేకపోతే ఐఫోన్‌కి ఇంకో దారుంది. పింగ్ బదులు 5353 పోర్టుకి ఒక యూడీపీ ప్యాకెట్ (చిన్న సందేశం) పంపి, వెంటనే రాస్ప్‌బెర్రీ పైలోని ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీ ఏ పరికరానిదో రాసుకునేది) ఆ ఐపీకి మ్యాక్, అంటే ఫోను వైఫై గుర్తింపు అడ్రస్, దొరికిందో లేదో చూడ్డం. నిద్రలో ఉన్న ఐఫోన్ కూడా ఏఆర్‌పీకి పలుకుతుంది. ఇదే పని చేసే కస్టమ్ ఇంటిగ్రేషన్ హాక్స్‌లో (హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లు రాసిన జోడింపులు దొరికే చోటు) ఉంది. రాస్ప్‌బెర్రీ పై, ఫోను ఒకే సబ్‌నెట్‌లో (ఇంటి నెట్‌వర్క్‌లో ఒకే భాగంలో) ఉండాలి, గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే పనిచేయదు.

నాందేడ్_నైట్‌షిఫ్ట్
పింగ్‌తోనే ఉంటనంటే కన్సిడర్ హోమ్ (జవాబు రాకున్నా ఇంకా ఇంట్లనే అనుకునే టైమ్) 180 సెకన్లు ఉన్నది కదా, 900 చెయ్యి. రాత్రి గోల సగం తగ్గుతది.

రాయగడ_రౌటర్
@నాందేడ్_నైట్‌షిఫ్ట్ తగ్గుతుంది గానీ తీరదు. ఛార్జింగ్‌లో లేని ఐఫోన్ రాత్రి పదిహేను నిమిషాలకు మించి కూడా మౌనంగా ఉంటుంది. గంట పెడితే నిజంగా ఇల్లు ఖాళీ అయినప్పుడు గంటసేపు ఏసీ తిరుగుతుంది.

బల్లార్షా_బ్రిడ్జ్
అందరు మర్చిపోయేది మ్యాక్ అడ్రస్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌ల ఐఓఎస్ 14 నుంచి ఫోను ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ ఇస్తది. ఐపీ ఫిక్స్ చేసింది ఏ మ్యాక్‌కో చూడు. నెట్‌వర్క్‌ని "మర్చిపో" కొట్టి మళ్ల కలిపితే కొన్ని ఫోన్లల్ల మ్యాక్ మారుతది, నీ ట్రాకర్ పాత అడ్రస్‌నే ఎతుకుతుంటది.

ఆండ్రాయిడ్‌ల: వైఫై → ఇంటి నెట్‌వర్క్ → ప్రైవసీ → "డివైస్ మ్యాక్ వాడు".
ఐఫోన్‌ల: వైఫై → నెట్‌వర్క్ పక్కన "ఐ" గుర్తు → ప్రైవేట్ వైఫై అడ్రస్ → ఆఫ్, లేకుంటే ఫిక్స్‌డ్. ఐఓఎస్ 18ల "రొటేటింగ్" (కొన్నాళ్లకోసారి మ్యాక్ మార్చేది) అని ఇంకోటి వచ్చింది, అది అసలు ఉండొద్దు.
ఇంటి వైఫైకి ఒక్కదానికే ఇది చెయ్యాలె. బస్టాండు, హోటల్ వైఫైలకి ప్రైవేట్ అడ్రసే ఉండనియ్యి.

పర్లాకిమిడి_పై4
@బల్లార్షా_బ్రిడ్జ్ చూశాను, ఐఫోన్‌లో రొటేటింగే ఉంది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే ఉంది.

బల్లార్షా_బ్రిడ్జ్
అయితే రౌటర్ల సెక్యూరిటీ చూడు. పాత డబ్ల్యూపీఏ గాని టీకేఐపీ గాని (పాతబడ్డ వైఫై రక్షణ పద్ధతులు) ఉంటే ఐఫోన్ దాన్ని బలహీన నెట్‌వర్క్ అనుకొని తనే రొటేటింగ్ పెడతది. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ చెయ్యి, కుదిరితే డబ్ల్యూపీఏ3. ఫోన్‌ల ఫిక్స్‌డ్ పెట్టి, కొత్త మ్యాక్‌కి ఐపీ మళ్ల కట్టు.

సిరొంచ_ప్రాణహిత
మూడో ఇబ్బంది సంగతి చెప్త. పాతపట్నం పోయినా ఇంట్లనే ఉన్నట్టు కనపడ్తే జీపీఎస్ తప్పు కాకపోవచ్చు. లొకేషన్ హోమ్ అసిస్టెంట్‌దాకా వస్తలేదు, అందుకే చివరిసారి చెప్పిన "ఇంట్లో" అట్లనే నిలిచిపోయింది. రెండు చూడుండ్రి.

మొదటిది డేటా రోమింగ్. బార్డర్ మీద ఉన్నోళ్లకే ఈ బాధ. మీది ఒడిశా టెలికాం సర్కిల్, పాతపట్నం ఆంధ్ర సర్కిల్. మా దిక్కు గోదావరి ఇవతల మహారాష్ట్ర సర్కిల్, అవతల కాళేశ్వరం ఆంధ్ర సర్కిల్ కిందికే వస్తది, తెలంగాణ కూడా అండ్లనే. దేశంల రోమింగ్‌కి పైసలు పడకపోయినా ఫోన్ల "డేటా రోమింగ్" స్విచ్ ఆఫ్ ఉంటే అవతలి టవర్ పట్టంగనే కొన్ని ఫోన్లల్ల నెట్ ఆగుతది. కాల్స్ వస్తనే ఉంటయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్విచ్ ఆన్ చెయ్యుండ్రి.

రెండోది బయటి అడ్రస్. కంపానియన్ యాప్‌ల ఇంటి ఐపీ ఒక్కటే పెట్టి ఉంటే, గేటు దాటినంక అది ఎవరికి చెప్తది? మన ఫైబర్ కనెక్షన్లల్ల చానా మట్టుకు సీజీనాట్ (చానా ఇండ్లకి కలిపి ఒక్కటే బయటి ఐపీ) ఉంటది, రౌటర్ల పోర్ట్ ఫార్వర్డ్ చేసినా ఏం లాభం లేదు. బయటికెల్లి ఇంటికి దారి ఇచ్చే సర్వీస్ కావాలె: నబు కాసా చందా కట్టు, లేకుంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, అదీ వద్దంటే టెయిల్‌స్కేల్. టెయిల్‌స్కేల్ అయితే ఫోన్ల వీపీఎన్ ఎప్పటికి ఆన్ ఉండాలె.

పర్లాకిమిడి_పై4
రోమింగ్ ఆఫ్‌లోనే ఉంది! యాప్‌లో బయటి అడ్రసూ లేదు.

సిరొంచ_ప్రాణహిత
రెండూ సరిచేసి ఫోన్‌ల వైఫై ఆపి, మొబైల్ డేటా మీద యాప్ తెరువు. డ్యాష్‌బోర్డ్ వస్తే దారి ఉన్నట్టే. గది దాటనీకి ముందే ఇది తేల్చుకోవాలె.

నాందేడ్_నైట్‌షిఫ్ట్
దారి ఉన్నా ఆండ్రాయిడ్ యాప్‌ని చంపుతది. పూర్తి పట్టీ ఇది:

లొకేషన్ పర్మిషన్ "అన్ని వేళలా అనుమతించు" ఉండాలె. మొదటిసారి అడిగినప్పుడు ఈ ఆప్షన్ కనపడది, సెట్టింగ్స్‌లకి పోయి పెట్టాలె. ప్రిసైజ్ లొకేషన్ ఆన్.
యాప్ బ్యాటరీల "అన్‌రిస్ట్రిక్టెడ్".
షావోమీల ఆటోస్టార్ట్ కూడా ఆన్. రియల్‌మీ, ఒప్పోల ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ. వివోల హై బ్యాక్‌గ్రౌండ్ పవర్ కన్సంప్షన్ కింద అనుమతి. శాంసంగ్‌ల "నెవర్ స్లీపింగ్ యాప్స్" లిస్టుల చేర్చాలె.
కంపానియన్ యాప్‌ల మేనేజ్ సెన్సర్స్‌కి పోయి బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్, లొకేషన్ జోన్ రెండు ఆన్.
ఫోన్ అప్‌డేట్ వచ్చినప్పుడల్ల ఇవన్ని మళ్ల చూడాలె, కొన్ని వెనక్కి పోతయి.

హై అక్యురసీ మోడ్ రోజంతా పెట్టకుండ్రి, బ్యాటరీ తాగుతది. జోన్‌కి (మ్యాప్ మీద ఇంటి చుట్టు గీసిన వలయం) దగ్గరయినప్పుడే లేచేటట్టు పెట్టుకునే ఆప్షన్ అండ్లనే ఉన్నది.

రాజురా_రిలే
జోన్ వ్యాసార్థం గురించి ఎవరూ అనలేదు. హోమ్ జోన్ మామూలుగా 100 మీటర్లు ఉంటుంది. ఆండ్రాయిడ్ జియోఫెన్స్‌కి (జోన్ దాటడాన్ని ఫోన్ పసిగట్టే పద్ధతి) గూగుల్ చెప్పే కనీసం 100 నుంచి 150. చుట్టుపక్కల వైఫైలు కనిపించే చోట ఫోన్ అంచనా 20 నుంచి 50 మీటర్లలో ఉంటుంది. ఒంటరి ఇల్లు, చుట్టూ పొలాలు అయితే తప్పు కొన్ని వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు కూడా. ఊరి మధ్య ఇల్లయితే 150, ఊరవతల ఇల్లయితే 300 పెట్టండి. ఇంటి వైఫై వద్దనుకున్నా ఫోన్‌లో "వైఫై స్కానింగ్" మాత్రం ఆపకండి, లొకేషన్ దాని మీదే ఆధారపడి ఉంది.

ఇంకో కిటుకు. పాయింట్ జోన్‌లో ఉందా లేదా అని హోమ్ అసిస్టెంట్ తేల్చేటప్పుడు జీపీఎస్ అక్యురసీని (తప్పు ఎన్ని మీటర్లు ఉండొచ్చో చెప్పే అంకె) దూరంలోంచి తీసేస్తుంది. అక్యురసీ 1500 మీటర్లు అని వస్తే 1200 మీటర్ల దూరంలో ఉన్న మనిషీ "ఇంట్లో"నే. యాప్ సెన్సర్ సెట్టింగ్‌లో కనీస అక్యురసీ 200 ఉంటుంది. అది మించిన పాయింట్లు పంపదు. ఎవరైనా పెంచుంటే తగ్గించండి.

కొరాపుట్_కాఫీ
ఇంత కష్టం ఎందుకు? ఫోన్లు వదిలేసి ఎంఎంవేవ్ రాడార్ సెన్సర్లు పెట్టండి. ఎల్‌డీ2410 రాడార్ ఒకటి, ఈఎస్‌పీ32 వైఫై బోర్డు ఒకటి, 5 వోల్టులు ఇస్తే చాలు. మనిషి కదలకుండా కూర్చున్నా ఊపిరిని పసిగడుతుంది. అమ్మగారి దగ్గర స్మార్ట్‌ఫోను లేదంటున్నారు కదా, ఆవిడకీ ఇదే దారి.

జయపురం_జిగ్‌బీ
@కొరాపుట్_కాఫీ అమ్మగారి విషయం వరకూ ఒప్పుకుంటాను. పూర్తిగా రాడార్‌కి మారడం మాత్రం వద్దంటాను. సీలింగ్ ఫ్యాన్ తిరిగే ఇంట్లో రాడార్‌కి ఫ్యానే మనిషి. ఎల్‌డీ2410లో ఒక్కొక్కటి 0.75 మీటర్ల చొప్పున గేట్లు, అంటే దూరపు భాగాలు, ఉంటాయి. ఫ్యాన్ ఏ గేటులో పడుతుందో చూసి, ఆ గేటు కదలిక సున్నితత్వం తగ్గించాలి. సెన్సర్‌ని కప్పుకి కాకుండా గోడకి, మంచం ఎత్తుకి కొంచెం పైన, ఫ్యాన్‌కి పెడముఖంగా పెట్టాలి. ఇదంతా గదిగదికీ. పైగా రాడార్ "ఎవరో ఉన్నారు" అంటుంది తప్ప ఎవరో చెప్పదు.

నా పద్ధతి తలుపు. వీధి తలుపుకి, పెరటి తలుపుకి చెరో జిగ్‌బీ కాంటాక్ట్ సెన్సర్ (తలుపు తీసి ఉందో మూసి ఉందో వైర్లెస్‌గా చెప్పేది). ఫోను మాయమైందా, ముందు ఒక్క ప్రశ్న: ఫోను చివరిసారి ఇంట్లో కనపడిన తరవాత ఏ తలుపైనా తెరుచుకుందా? తెరుచుకోకపోతే ఎవరూ వెళ్లలేదు, ఫోను నిద్రపోయింది అంతే. అర్ధరాత్రి ఫ్యాన్లు ఆగే బాధ దీంతో మొత్తంగా పోతుంది.

గుణుపురం_గూడ్స్
@జయపురం_జిగ్‌బీ ఎండాకాలం మా వీధిలో పొద్దున్న తీసిన తలుపు రాత్రి పడుకునేదాకా తీసే ఉంటుంది. అందరూ అరుగు మీదే. అప్పుడు ఈ లెక్క ఏటవుద్ది?

జయపురం_జిగ్‌బీ
తలుపు తీసి ఉన్నంతసేపూ ఆ షరతు పక్కకు తప్పుకోవాలి, ఫోన్ సంకేతాల మీదే నడవాలి. తలుపు తీసి పెట్టి ఇల్లంతా ఖాళీ చేసి వెళ్లరు కదా, కాబట్టి "అందరూ వెళ్లారు" కూడా తలుపు మూసిన తరవాతే పడేలా పెట్టండి.

రాజురా_రిలే
ఇన్ని సంకేతాలు వచ్చాక వాటిని కలపడమే అసలు పని. హోమ్ అసిస్టెంట్‌లో ఒక్కో మనిషికీ ఉండే పర్సన్ ఎంటిటీకి వైఫై ట్రాకర్, జీపీఎస్ ట్రాకర్ రెండూ కట్టండి. ఏ ఒక్కటి "ఇంట్లో" అన్నా ఇంట్లోనే లెక్క, వైఫై మాట ముందు. ఇంట్లో లేనప్పుడు జీపీఎస్ మాట ముందు. చాలా ఇళ్లకి ఇది చాలు.

చాలకపోతే బేయీసియన్ సెన్సర్, అంటే సంకేతాలన్నీ కలిపి మనిషి ఇంట్లో ఉండే అవకాశం ఎంతో లెక్కేసేది. మనిషి ఇంట్లో ఉండే అవకాశం ముందస్తుగా 0.6 అనుకుందాం, అంటే 1.5కి 1. వైఫై కనిపించడం: ఇంట్లో ఉంటే 0.9, లేకపోతే 0.05. జీపీఎస్ "ఇంట్లో" అనడం: ఉంటే 0.95, లేకపోతే 0.1. ఇప్పుడు వైఫై పోయింది, జీపీఎస్ ఇంకా ఇంట్లోనే అంటోంది. 1.5 × (0.1 ÷ 0.95) × (0.95 ÷ 0.1) = 1.5. అంటే 60 శాతం. థ్రెషోల్డ్ (ఇది దాటితేనే "ఇంట్లో" అనే గీత) 0.5 ఉంటే "ఇంట్లో", 0.7 పెట్టుకుంటే "బయట". ఫ్యాన్లు ఆపే పనికి 0.5 చాలు, తప్పయితే కాస్త కరెంటు పోతుందంతే. తలుపు తాళం, అలారం లాంటి వాటికి మాత్రం ఫోన్ సంకేతాన్ని ఒంటరిగా వాడకండి, ఏ థ్రెషోల్డ్ పెట్టినా సరే.

నాందేడ్_నైట్‌షిఫ్ట్
గదే మాట నాది. రావడానికి ఒక్క సాక్ష్యం చాలు, పోవడానికి అన్ని సాక్ష్యాలు కలవాలె. రాకకి వెంటనే లైటు, పోకకి పది నిమిషాలు ఆగాలె.

రాయగడ_రౌటర్
ఇదొక్కటి పాటిస్తే ఈ వేదికలో సగం ప్రశ్నలు రావు.

కొరాపుట్_కాఫీ
మరి ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌కి పెట్టి సంతకి వెళ్లిపోతే?

జయపురం_జిగ్‌బీ
అందుకు ఫోన్లో ఏ మందూ లేదు. హాల్లో మీ రాడార్ ఒకటి పెట్టండి. తలుపు మూసిన తరవాత పదిహేను నిమిషాలు ఎక్కడా కదలిక లేకపోతే ఖాళీ. ఒక్క రాడార్, ప్రతి గదికీ అక్కర్లేదు. అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు కూడా ఇదే కాపాడుతుంది. ఆవిడ పడుకునే గదికి రెండోది.

బరంపురం_బ్యాటరీ
రెండో ఇబ్బంది అందరూ వదిలేశారు. కరెంటు రాగానే జరిగేది చూడండి. పై, ఓఎన్‌టీ, రౌటర్ ఒకేసారి లేస్తాయి. హోమ్ అసిస్టెంట్ సిద్ధమయ్యేసరికి వైఫై ఇంకా పూర్తిగా రాలేదు, ఫోన్లు తగల్లేదు, అందరూ "బయట". నిమిషం తరవాత ఫోన్లు తగులుతాయి, అందరూ "వచ్చారు". ఆటోమేషన్ తప్పేమీ చేయలేదు, దానికి అందిన కబురే తప్పు.

సాఫ్ట్‌వేర్ మందు: హోమ్ అసిస్టెంట్ స్టార్ట్ అయిన ట్రిగ్గర్‌తో 10 నిమిషాల టైమర్ మొదలుపెట్టండి. రాకపోకల ఆటోమేషన్లన్నిటికీ "టైమర్ ఖాళీగా ఉంటేనే" అని కండిషన్. ట్రిగ్గర్‌లో కూడా "బయట" నుంచి "ఇంట్లో"కి అని రెండు వైపులా రాయండి. "అన్‌అవైలబుల్" నుంచి "ఇంట్లో"కి మారితే పడకూడదు. పై మాత్రం ఇన్వర్టర్ మీదుండి రౌటర్ ఒక్కటే పోయి వచ్చే ఇళ్లలో ఈ టైమర్ మొదలవదు. అక్కడ రౌటర్ ఐపీకి ఒక పింగ్ సెన్సర్ పెట్టి, అది ఆన్ అయినప్పుడు కూడా అదే టైమర్ నడపండి. రౌటర్ ఆఫ్‌లో ఉండగా "అందరూ వెళ్లారు" అసలు పడకూడదు.

హార్డ్‌వేర్ మందు: 12 వోల్టుల మినీ యూపీఎస్. ఓఎన్‌టీ, రౌటర్ కలిపి నిజంగా లాగేది 11 వాట్లు అనుకోండి. యూపీఎస్ మీద 10,400 ఎంఏహెచ్ అని రాసుంటే అది 3.7 వోల్టుల లెక్క, అంటే 38.5 వాట్ అవర్లు. మార్పిడిలో పోయింది తీసేస్తే 32 దగ్గర మిగులుతుంది, మూడు గంటలు నడుస్తుంది. 10,400ని 12తో గుణించి పదకొండు గంటలు వస్తుందని కొనకండి. అడాప్టర్ల మీద ఆంపియర్లు చూడండి, రెండూ కలిపి యూపీఎస్ ఇచ్చేదానికి మించకూడదు. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్లు కావాలి, చాలా మినీ యూపీఎస్‌ల యూఎస్‌బీ అంత ఇవ్వదు. పైని ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టండి.

పర్లాకిమిడి_పై4
రాసుకున్నాను: డబ్ల్యూపీఏ2, ఫిక్స్‌డ్ మ్యాక్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ అసోసియేషన్, యాప్‌కి బయటి అడ్రస్, రోమింగ్ ఆన్, రెండు తలుపులకీ సెన్సర్లు, హాల్లో అమ్మ గదిలో రాడార్లు, 10 నిమిషాల టైమర్, మినీ యూపీఎస్. గీజరు ఒక్కటీ మిగిలింది. జోన్ 150 మీటర్లు పెడితే గుమ్మంలోకి వచ్చాక ఆన్ అవుతుంది, నీళ్లు కాగేసరికి ఆలస్యం. పలాస నుంచి వచ్చేటప్పుడు ముందే ఆన్ అవ్వాలంటే?

బరంపురం_బ్యాటరీ
15 లీటర్లు, 2 కిలోవాట్ల గీజరు, 25 డిగ్రీల నీళ్లు 60కి రావాలంటే 15 × 4.186 × 35, దగ్గర దగ్గర 2,200 కిలోజౌల్స్. రెండుతో భాగిస్తే 1,100 సెకన్లు, అంటే 18 నిమిషాలు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తే 12 కిలోమీటర్ల దూరంలో ఉండగా ఆన్ అవ్వాలి.

రాజురా_రిలే
12 కిలోమీటర్ల జోన్ గీయకండి. పాతపట్నం దాని లోపలే పడుతుంది, అక్కడికి వెళ్లొస్తే జోన్ దాటడమూ ఉండదు, లోపలికి రావడమూ ఉండదు. ప్రాక్సిమిటీ ఇంటిగ్రేషన్ పెట్టండి, దూరం, దిశ రెండూ ఇస్తుంది. ట్రిగ్గర్: దూరం 12 కిలోమీటర్ల కన్నా తగ్గడం. కండిషన్లు: దిశ "ఇంటి వైపు", పర్సన్ 20 నిమిషాలుగా బయటే. పాతపట్నం కోసం ఇంకో ట్రిగ్గర్, దిశ "ఇంటి వైపు"కి మారడం, అవే కండిషన్లు, దూరం 12 లోపు. జీపీఎస్ ఒక్క పాయింట్ పక్కకి గెంతినా దిశ మారినట్టు కనిపిస్తుంది కాబట్టి "ఇంటి వైపు" రెండు నిమిషాలు నిలబడ్డాకే పడాలి.

బరంపురం_బ్యాటరీ
గీజరు ఆన్ చేసే ప్రతి ఆటోమేషన్‌లోనూ 30 నిమిషాల తరవాత ఆఫ్ చేసే అడుగు ఉండాలి, ఎవరూ ఇంటికి రాకపోయినా సరే. స్విచ్ మాడ్యూల్ 16 ఆంపియర్లది వాడండి. 2 కిలోవాట్లు అంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు, 10 ఆంపియర్ల మాడ్యూల్ రోజూ అంచు మీద నడిస్తే రిలే అతుక్కుపోతుంది. అతుక్కుంటే మీ ఆఫ్ కమాండ్ వెళ్లినా గీజరు ఆగదు.